ట్రాంబోన్ వాయించే మనిషి ఎక్కడ నిలబడ్డాడు?

పోయిన మాఘమాసంలో వరంగల్ గిర్మాజీపేటలో ఒక బరాత్‌లో నడిచాను. ముందు డీసీఎం, దాని మీద ఒక అంతస్తు ఎత్తుకు పేర్చిన డీజే బాక్సులు. బాక్సుల వెనుక కుర్రాళ్లు, కుర్రాళ్ల వెనుక పూలు కట్టిన కారు. ఆ కారుకీ కుర్రాళ్లకీ మధ్య, ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులతో ఆరుగురు బ్యాండు మేళం వాళ్లు. రెండు గంటల పాటు వాళ్లు చేసిందల్లా నడవడమే. క్లారినెట్ పెద్దాయన దాన్ని చంకలో ఇరికించుకుని, వాన రాని రోజున గొడుగు మోసినట్టు మోశాడు. మధ్యలో ఒక్కసారి వీడియో అబ్బాయి వచ్చి, "అన్నా, జర నోట్ల పెట్టుకోండ్రి" అన్నాడు. అందరూ పెట్టుకున్నారు. లైటు వెలిగింది, కెమెరా ఇటు నుంచి అటు తిరిగింది, లైటు ఆరింది. ఆ పది సెకన్లూ వాళ్లు నిజంగా ఊదారో, ఊదినట్టు నిలబడ్డారో చెప్పలేను. బాక్సుల మోతలో తెలిసే వీల్లేదు.

పెళ్లికూతురు వాళ్ల గల్లీ మొదట్లో డీసీఎం ఆగిపోయింది. కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి, ముందుకు పోతే బాక్సులకు తగులుతాయి. జనరేటర్ ఆపేశారు. అలా చివరి వంద గజాలు బ్యాండుకు దక్కాయి. పెద్ద డ్రమ్ము మీద రెండు దెబ్బలు, సైడ్ డ్రమ్ము, ఆ వెంటనే క్లారినెట్. మొదటి స్వరం పగిలింది. రెండు గంటలు గాలికి ఎండిన రీడు మరి. రెండో చరణానికి సర్దుకుంది. డాబాల మీద నుంచి ఆడవాళ్లు తొంగి చూశారు, ఒక ముసలామె గడపలోకి వచ్చి నిలబడింది. అంతా అయ్యాక నీళ్ల బాటిల్ ఇస్తూ, బాగా వాయించారని పెద్దాయనతో అన్నాను. ఆయన మూతి తుడుచుకుని, "పిలుస్తరు సార్. వాయించనియ్యరు" అన్నాడు.

ఆ మాటకు నాకు ఫ్లోరిడా గుర్తొచ్చింది. నవ్వుకుంటే నవ్వుకోండి.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో గెయిన్స్‌విల్ అని ఒక ఊరు. యూనివర్సిటీ ఊరు. మన హనుమకొండలాగే, అద్దె గదుల్లో ఉండేవాళ్లలో చాలామంది చదువు అయిపోగానే పెట్టె సర్దుకుని పోయేవాళ్లే. ఆ ఊళ్లో 1992లో మొదలైన బ్యాండు లెస్ దాన్ జేక్. ఇంట్లో జేక్ అనే కుక్కకు దొరికే మర్యాద కన్నా తమకు తక్కువే దొరుకుతోందన్న వేళాకోళంలోంచి పుట్టిన పేరట అది. వాళ్లు వాయించేది స్కా పంక్ అనే సంగీతం, అదేంటో కాసేపట్లో చెప్తాను. 2008 జూన్‌లో వాళ్లు జీఎన్‌వీ ఎఫ్ఎల్ఏ అనే ఆల్బమ్ తెచ్చినప్పుడు అభిమానులూ రివ్యూలు రాసేవాళ్లూ పదేపదే అన్న మాట ఒకటే: పాత సౌండుకు తిరిగొచ్చారు. ఆ ఏడాది నేను ఇంజినీరింగ్ హాస్టల్‌లో ఉన్నాను. ఎవరి కంప్యూటర్‌లోని పాటలనైనా హాస్టల్ నెట్‌వర్క్‌లో ఎవరైనా లాక్కునే కాలం. ఒక సీనియర్ షేర్ చేసిన ఫోల్డర్‌లో ఈ బ్యాండు దొరికింది. పరీక్షల టెన్షన్‌లో, చదవాల్సిన పుస్తకం పక్కన పెట్టి, వాళ్ల ఆల్బమ్‌లన్నీ వరసగా విన్నాను. నేనూ ఆ మాటే అన్నాను, పాత సౌండు వచ్చేసిందని.

ఇప్పుడు చూస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తోంది. ఆ బ్యాండులో ట్రాంబోన్ (గొట్టం జరుపుతూ ఊదే పొడవాటి బాకా) వాయించే బడ్డీ షౌబ్ ఎక్కడికీ పోలేదు. శాక్సఫోన్ వాయించే జేఆర్ వాసిలెవ్‌స్కీ కూడా. అంతకు ముందు, పాత సౌండు పోయిందని అభిమానులు తిట్టిన 2006 ఆల్బమ్ అప్పుడూ ఇద్దరూ ఫోటోల్లో ఉన్నారు, స్టేజీ మీదా ఉన్నారు. వాళ్లకు పాటలో పని తగ్గింది, అంతే. రెండేళ్ల తర్వాత ఆ పని మళ్లీ దొరికింది. మనం సౌండు అని పిలుస్తున్నది నిజానికి పని పంపకం. ఎవరు వాయించాలి, ఎంతసేపు వాయించాలి, ఆ సమయంలో మిగతావాళ్లు ఎంత తగ్గాలి అన్న లెక్క. ఆ లెక్క మారితే చెవికి వేరే సంగీతంలా వినిపిస్తుంది.

స్కా అంటే తెలియనివాళ్లకు ఒక చిన్న పని. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు కొట్టే చప్పట్లు గుర్తు చేసుకోండి. ఒక చప్పట్టుకీ ఇంకో చప్పట్టుకీ నడుమ, చేతులు విడిపోయి ఉండే క్షణం ఒకటుంటుంది కదా. స్కాలో గిటార్ సరిగ్గా ఆ క్షణంలో పడుతుంది. తీగలను కింది నుంచి పైకి గీకుతారు, "చిక్" అని మోగించి వెంటనే చేత్తో నొక్కేస్తారు. ఒకటి, చిక్, రెండు, చిక్, మూడు, చిక్. డ్రమ్మూ బేసూ చప్పట్ల దగ్గర నడుస్తుంటే గిటార్ ఖాళీల్లో నడుస్తుంది. తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడాన్ని మన సంగీతంలో అనాగతం అంటారు. ఆ రుచి తెలిసిన చెవికి స్కా కొత్తగా అనిపించదు. ఇక్కడ గమనించాల్సింది ఆ నొక్కేయడం. గిటార్ మోగి, వెంటనే ఆగిపోతుంది కాబట్టి పాటలో బోలెడంత జాగా మిగులుతుంది. ఆ జాగాలోనే ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ వచ్చి కూర్చుంటాయి. పంక్ అంటే మోతగా, వేగంగా వాయించే రాక్. అందులో గిటార్ అలా కాదు. పెడల్ తొక్కి తీగ మీటితే ఆ మోత గోడకు సున్నం కొట్టినట్టు మూలమూలకూ పరుచుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే పాటలో నడపడమే స్కా పంక్. చరణంలో జాగా ఇచ్చి, పల్లవిలో లాగేసుకుంటుంది. ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు లాక్కోవాలి అన్నదాంట్లోనే ఉంది బ్యాండు పనితనమంతా.

ఈ సంగీతం పుట్టింది జమైకాలో. ఆ దేశానికి స్వాతంత్ర్యం 1962 ఆగస్టు 6న వచ్చింది, స్కా ఊపందుకున్నదీ ఆ రోజుల్లోనే. అంతకు ముందు, 1950లలో, కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్‌లు తిరిగేవి. సౌండ్ సిస్టమ్ అంటే ఏమనుకున్నారు? అచ్చంగా మన డీజేనే. పెద్ద పెద్ద స్పీకర్ బాక్సులు, ఒక రికార్డు ప్లేయరు, దాన్ని నడిపే ఒక దొర. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ లాంటివాళ్లు ఆ కాలపు దొరలు. మయామి, న్యూ ఆర్లీన్స్ రేడియో స్టేషన్లు రాత్రిపూట సముద్రం దాటి వినిపించేవి కాబట్టి జనానికి అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ అంటే మోజు. అమెరికాలో ఆ తరహా రికార్డులు తగ్గిపోయి రాక్ అండ్ రోల్ వచ్చాక ఈ దొరలకు సరుకు కరువైంది. దాంతో ఊళ్లోని వాద్యగాళ్లనే స్టూడియోకు పిలిచి రికార్డులు కొట్టించారు. కాక్సన్ డాడ్ 1963లో స్టూడియో వన్ పేరుతో సొంత స్టూడియోనే పెట్టేశాడు.

ఇక్కడ నాకొక చిక్కు ఎదురైంది. ఇన్నాళ్లూ బాక్సు వస్తే బాకా పోతుందని నమ్ముతూ వచ్చాను, వరంగల్ నాకు చూపించింది అదే. కింగ్‌స్టన్‌లో బాక్సే బాకాను పిలిచింది. బాక్సు ఉన్నవాడికి కొత్త పాట కావాలి, కొత్త పాటకు ఊదేవాడు కావాలి. మన దగ్గర డీజేవాడికి ఆ అవసరమే లేదు. సినిమా పాటలు ఫోన్‌లోకి వస్తూనే ఉంటాయి. పెద్ద మోత ఒక్కటే మనుషులను వెళ్లగొట్టదన్నమాట. ఆ మోతకు సరుకు ఎక్కడి నుంచి వస్తోందన్నదే తేల్చుతుంది.

ఆ పిలిచిన వాద్యగాళ్లలో చాలామంది ఒకే బడి నుంచి వచ్చారు. కింగ్‌స్టన్‌లో ఆల్ఫా బాయ్స్ స్కూల్ అని, క్యాథలిక్ సిస్టర్లు నడిపిన బడి. దిక్కులేని పిల్లలకూ దారి తప్పారనుకున్న పిల్లలకూ అక్కడ చేతిపనితో పాటు బ్యాండు నేర్పేవారు. 1964లో ఏర్పడిన స్కాటలైట్స్ బ్యాండులో ట్రాంబోన్ డాన్ డ్రమ్మండ్, శాక్సఫోన్లు టామీ మెకూక్, లెస్టర్ స్టెర్లింగ్, ట్రంపెట్ జానీ మూర్... నలుగురూ ఆల్ఫా పిల్లలే. అదే బడిలో చదివిన రీకో రోడ్రిగ్స్ 1961లో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. అక్కడ 1967లో డాండీ లివింగ్‌స్టన్ పాడిన ఒక రికార్డుకు ట్రాంబోన్ వాయించాడు. పన్నెండేళ్ల తర్వాత కోవెంట్రీలో జెర్రీ డ్యామర్స్ టూ టోన్ అనే లేబుల్ మొదలుపెట్టి, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించే స్పెషల్స్ బ్యాండుతో స్కాను మళ్లీ లేపాడు. డాండీ పాడిన అదే పాటను స్పెషల్స్ 1979లో తిరిగి రికార్డు చేసినప్పుడు ట్రాంబోన్‌కు ఎవరిని పిలిచారో తెలుసా? రీకోనే. పాత రికార్డులో ఊదిన మనిషే కొత్త రికార్డులోనూ ఊదాడు. పిలిచారు, వాయించనిచ్చారు. పాత సౌండు తిరిగి రావడానికి నాకు తెలిసిన ఉదాహరణల్లో ఇంతకు మించింది లేదు.

అక్కడి నుంచి అమెరికాకు చేరేసరికి దాన్ని మూడో కెరటం అన్నారు. 1990ల నడుమ రేడియోలో, టీవీలో ఎటు చూసినా స్కా పంకే. బోస్టన్‌కు చెందిన మైటీ మైటీ బాస్‌టోన్స్ బ్యాండులో బెన్ కార్ అనే మనిషి పనల్లా స్టేజీ మీద డాన్స్ చేయడమే. అతిథి కాడు, పూర్తిస్థాయి సభ్యుడు. మన బరాత్‌లో ముందు నడుస్తూ చిందేసే బావమరిదికి బ్యాండు తరఫున వాటా ఇచ్చినట్టు! ఆ సంగీతానికి మనుషులంటే అంత ప్రేమ. 2000 దగ్గరికొచ్చేసరికి రేడియోలు మొహం తిప్పేశాయి. స్కావాళ్ల చెక్స్ చొక్కాలూ టోపీలూ జోకు అయిపోయాయి. ఎనిమిది మంది ఉన్న బ్యాండుకు వ్యానూ, భోజనాలూ, పడుకునే గదులూ అన్నీ ఎక్కువే. డబ్బు తగ్గగానే ముందు కళ్లకు కనిపించేది ఊదేవాళ్లే.

లెస్ దాన్ జేక్ ఆ కరువులోనూ నిలబడింది. క్యాపిటల్ లాంటి పెద్ద కంపెనీకి లూజింగ్ స్ట్రీక్ (1996), హెలో రాక్‌వ్యూ (1998) చేశారు. 2000లో ఫ్యాట్ రెక్ కార్డ్స్ అనే చిన్న లేబుల్‌కు మారారు. 2003లో సైర్ అనే లేబుల్‌తో మళ్లీ పెద్ద కంపెనీ గూటికి చేరారు. అక్కడే 2006లో ఇన్ విత్ ది అవుట్ క్రౌడ్ వచ్చింది. అభిమానులకు కోపం తెప్పించిన ఆల్బమ్ అది. స్కా దాదాపు మాయం. ఊదే వాద్యాలు అక్కడక్కడ, అదీ గిటార్ వాయిస్తున్న స్వరాల మీదే ఇంకో పూత పూసినట్టు.

నిజం చెప్పాలంటే అది చెడ్డ ఆల్బమ్ కాదు. మెలొడీలు గట్టివి, క్రిస్ డిమేక్స్, రోజర్ లీమా ఇద్దరూ బాగా పాడారు. కంపెనీ నొక్కిందనీ, నిర్మాత చెడగొట్టాడనీ అనుకోవడం అభిమానికి సులువు. కానీ నిర్మాత హోవార్డ్ బెన్సన్. అభిమానులు నెత్తిన పెట్టుకునే హెలో రాక్‌వ్యూకీ ఆయనే నిర్మాత. కాబట్టి ఆ తిట్లు అక్కడ అతకవు. నాకు వినిపించినంత వరకు సమస్య గిటార్‌ది. పల్లవిలోనే కాక చరణంలోనూ అది ఆగకుండా మోగుతుంది. నొక్కేసే చెయ్యి లేదు. జాగా మిగలనప్పుడు ట్రాంబోన్‌ను ఎక్కడ పెట్టాలి? గిటార్‌తో పాటే ఊదించాలి, లేదంటే ఊరికే నిలబెట్టాలి. గిర్మాజీపేట గల్లీ దాకా పెద్దాయన నడిచిన నడక అదే. ఆయన్ను ఎవరూ తీసెయ్యలేదు. ఆయన ఊదే జాగాను బాక్సులు ఆక్రమించాయి.

రెండేళ్లకు బ్యాండు సైర్‌ను వదిలి, స్లీప్ ఇట్ ఆఫ్ పేరుతో సొంత లేబుల్ పెట్టుకుని, దాని మీద జీఎన్‌వీ ఎఫ్ఎల్ఏ విడుదల చేసింది. పేరే చూడండి. జీఎన్‌వీ అంటే గెయిన్స్‌విల్ విమానాశ్రయం కోడ్, ఎఫ్ఎల్ఏ అంటే ఫ్లోరిడా. కాజీపేట కుర్రాళ్లు ఒక బ్యాండు కట్టి, ఆల్బమ్‌కు రైల్వే కోడ్ కేజెడ్‌జే అని పేరు పెడితే ఎలా ఉంటుందో అలా. మనవాళ్లకు టికెట్ మీద చూడగానే తెలుస్తుంది, బయటివాళ్లకు అర్థం కాదు, పర్వాలేదు. మొదటి పాట పేరు సిటీ ఆఫ్ గెయిన్స్‌విల్, రెండోది ది స్టేట్ ఆఫ్ ఫ్లోరిడా. ఉత్తరం మీద చిరునామా రాసినట్టు ముందు ఊరు, తర్వాత రాష్ట్రం. మొత్తం పద్నాలుగు పాటలు.

వినగానే తెలిసే తేడా ఆ "చిక్" తిరిగి రావడం. చరణంలో గిటార్ నోరు మూసుకుంటుంది, ట్రాంబోన్, శాక్సఫోన్ పాడేవాడికి జవాబు చెబుతాయి. పాడినదాన్నే తిరిగి ఊదడం వేరు, జవాబు చెప్పడం వేరు. బుర్రకథలో వంత పాడేవాళ్లు ఊరికే "తందాన" అని ఊరుకోరు కదా. ఒకడు "ఆ తర్వాతేమైంది" అని అడుగుతాడు, ఇంకొకడు వెటకారమాడతాడు, వాళ్ల వల్లే కథకుడి మాటకు బలం వస్తుంది. ఈ ఆల్బమ్‌లో షౌబ్, వాసిలెవ్‌స్కీ చేసేది ఆ పనే. సొంత లేబుల్‌కూ దీనికీ సంబంధం ఉందని నా అనుమానం. రేడియోలో వేయించుకోవాలన్న ఆశ ఉన్నంతకాలం ప్రతి సెకనూ నింపాలనిపిస్తుంది. ఆ ఆశ వదిలేశాక ఖాళీ అంటే భయం పోతుంది.

అలాగని ఇది 1998కి వెనక్కు నడవడం అనుకుంటే ఆల్బమ్‌ను సరిగ్గా విననట్టే. హెలో రాక్‌వ్యూ నాటికి వాళ్లు ఊరు వదిలి పోవాలని ఉవ్విళ్లూరే పాతికేళ్ల కుర్రాళ్లు. జీఎన్‌వీ ఎఫ్ఎల్ఏ నాటికి ముప్ఫైలు దాటారు, ఊరు వదిలి ప్రపంచమంతా తిరిగి మళ్లీ అక్కడికే వచ్చారు. అప్పట్లో పాటలు ఎక్కువగా రాసింది డ్రమ్మర్ విన్నీ ఫియొరెల్లో. పోదాం పదండి అన్న పాత ఉత్సాహం మాటల్లో తగ్గి, మిగిలిపోయినవాళ్ల చిరాకు పెరిగింది. హుషారైన బాకా కింద దిగులు మాటలు. పదేళ్లు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి వచ్చి, హనుమకొండ చౌరస్తాలో నిలబడి "అంతా మారిపోయింది, ఏమీ మారలేదు" అనుకునేవాడికి ఈ ఆల్బమ్ బాగా ఎక్కుతుంది. నాకు ఎక్కింది.

ఇంతా విన్నాక ఎవరైనా అడగొచ్చు: ఇదంతా అభిమానులకు భయపడి చేసింది కాదా? 2006లో తిట్టారు, 2008లో దిద్దుకున్నారు. అభిమాని అనేవాడు బ్యాండును తన పదిహేడో ఏట కట్టేసి, తాడు మాత్రం తన చేతిలోనే ఉంచుకుంటాడు. బ్యాండు ముసలిదైనా సరే, ఆ ఏడాది పాటలే పాడాలి. ఈ అభ్యంతరంలో పస ఉంది. హాస్టల్‌లో నేను ఆ తాడు పట్టుకున్నవాళ్లలో ఒకణ్ణే. కాకపోతే భయపడి వెనక్కు వచ్చినవాళ్లు హిట్టైన పాటల ముక్కలను అతికిస్తారు, పాత బొమ్మలను కవరు మీద వేస్తారు. వీళ్లు అంతకన్నా కష్టమైనది చేశారు. ఎవరు ఎప్పుడు ఆగాలో మళ్లీ రాసుకున్నారు. ఆగడం నేర్చుకోవాల్సింది గిటార్ వాయించే మనిషి, ఆయనే మైకు ముందు పాడేవాడు కూడా. స్టేజీ మీద అందరికన్నా ముందున్నవాడు కొంచెం తగ్గితేనే ఈ ఆల్బమ్ సాధ్యమైంది.

ఇంకో అభ్యంతరం నా వాదనకే దెబ్బ కొట్టేది. ఆపరేషన్ ఐవీ అనే బ్యాండు 1987 నుంచి 1989 దాకా, రెండేళ్లే బతికింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కుర్రాళ్లు. స్కా పంక్‌కు దారి వేసినవాళ్లలో ముందు చెప్పే పేరు వాళ్లదే, వాళ్ల ఎనర్జీ ఆల్బమ్ (1989) ఇప్పటికీ కొత్తగా బ్యాండు కట్టేవాళ్లకు పాఠ్యపుస్తకం. బ్యాండులో ఊదేవాడే లేడు. గిటార్, బేసు, డ్రమ్ము, గొంతు. అంటే బాకా లేకుండా స్కా పంక్ ఉండొచ్చు. ఒప్పుకుంటాను. డప్పులతోనే పెళ్లి ఊరేగింపు జరిగే ఊళ్లు మన చుట్టూ ఎన్ని లేవు, అక్కడ క్లారినెట్ ఏదని ఎవరైనా అడుగుతారా? లేనిదాన్ని తెమ్మని నేను అనడం లేదు. ఉన్న మనిషికి కోటు తొడిగి ఊరికే నడిపించడం గురించే నా గోల.

మన ప్రాంతంలోనే తిరిగి రావడానికి ఇంకో నమూనా ఉంది. పేరిణి. 1213లో కట్టిన రామప్ప గుడి గోడల మీద నర్తకుల భంగిమలు, గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళిలో వివరాలు. ఈ రెండింటినీ పట్టుకుని నటరాజ రామకృష్ణ పేరిణి తాండవాన్ని మళ్లీ కట్టారు. ఇవాళ మన దగ్గర సర్కారీ వేడుకల్లో పేరిణి తరచుగా కనిపిస్తుంది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఆ శ్రమ ముందు ఎవరైనా చేతులు జోడించాల్సిందే. అయితే రాయి మీద చెయ్యి ఎక్కడుందో కనిపిస్తుంది, ఆ చెయ్యి అక్కడికి ఎంత వేగంగా వచ్చిందో కనిపించదు. నడక, లయ చాలావరకు మళ్లీ ఊహించాల్సి వచ్చింది. తండ్రి నుంచి కొడుక్కు చేతికి అందిన వరస తెగిపోతే ఎంత పని పడుతుందో చెప్పడానికి పేరిణి కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. లెస్ దాన్ జేక్‌కు రెండేళ్ల ఎడమే. మనుషులు అక్కడే ఉన్నారు, పెదవులకు అలవాటు పోలేదు. అందుకే పని సులువైంది. మన బ్యాండు మేళాలు కూడా ఇంకా ఆ ఎడం దాటలేదు. దాటడానికి ఎంతో కాలం పట్టదు. క్లారినెట్ పెద్దాయన కొడుకు ఎరువుల దుకాణంలో పని చేస్తున్నాడట.

ఈ మధ్య వరంగల్, కరీంనగర్ పెళ్లిళ్లలో లైవ్ అనే మాట ఎక్కువైంది. డీజే బోరు కొట్టింది, పైగా లౌడ్ స్పీకర్లకు రాత్రి పది దాటితే అనుమతి లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఆ మాట ఉంది, పోలీసులు ఇప్పుడు గట్టిగా అమలు చేస్తున్నారు. హైదరాబాద్‌లోనైతే 2024 అక్టోబర్ నుంచి మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే వద్దన్నారు. అలా ఖాళీ అయిన జాగాలోకి ఎవరు వచ్చారు? కేరళ చెండ మేళం, నాసిక్ డోల్. తెల్ల పంచెలు కట్టిన ఇరవై మంది వరసగా నిలబడితే డ్రోన్‌లో బాగా కనిపిస్తారు. ఆ వాద్యగాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు మహా పనిమంతులు, వాళ్ల పొట్టకూటికి అన్ని వందల కిలోమీటర్లు వస్తున్నారు. కానీ మన పెళ్లిలో ఏ ఘట్టానికి ఏ పాట వాయించాలో, అప్పగింతల దగ్గర డ్రమ్ము ఎప్పుడు ఆపాలో తెలిసినవాడు మట్టెవాడలో, కరీమాబాద్‌లో ఖాళీగా కూర్చుని ఉన్నాడు. అప్పగింతలప్పుడు డ్రమ్ము ఆపి క్లారినెట్ ఒక్కదాన్నే వదిలే ఆ పద్ధతి... విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

వచ్చే శ్రావణంలో మా అక్క బిడ్డ పెళ్లి. బ్యాండు సంగతి నేను చూస్తానని చెప్పి, గిర్మాజీపేటలో తీసుకున్న నంబర్‌కు మొన్న ఫోన్ చేశాను. పెద్దాయనే ఎత్తాడు. తారీఖు చెప్పాను, ఎంతమంది వస్తారని అడిగాను. ఆయన వెంటనే చెప్పలేదు. అవతల ఎవరినో టీవీ తగ్గించమన్నాడు.

"డీజే పెట్టిండ్రా సార్?" అన్నాడు.

ఇంకా అనుకోలేదన్నాను.

"ఉంటే ఆరుగురం వస్తం. లేకుంటే పద్నాలుగు మంది."

ఇంట్లో అడిగి చెప్తానన్నాను. పెళ్లికొడుకు తమ్ముడు ఇప్పటికే డీసీఎం మాట్లాడేశాడని సాయంత్రం తెలిసింది.